చలికి ఘాటైన సెంటు: పైన మసాలా, అసలు సంగతి అడుగున

చలి ముదిరే కొద్దీ ఆన్‌లైన్ అంగళ్లలో మగవాళ్ల సెంట్ల వరస మారిపోతుంది. నీలం సీసాలు వెనక్కి పోయి నలుపు, ముదురు గోధుమ, బంగారు రంగు సీసాలు ముందుకొస్తాయి. చాలా సీసాల వివరాల్లో ఒకే మాట కనిపిస్తుంది: స్పైసీ. ఆ మాట చూసి కొన్నవాళ్లలో ఒకరి సీసాలో యాలకులు, ఇంకొకరి సీసాలో దాల్చినచెక్క, మరొకరి సీసాలో మసాలా కంటే వెనిలానే ఎక్కువ. మూడూ స్పైసీనే, మూడింటికీ పోలికే లేదు. వేలు పోసి కొన్న సీసా రెండు వారాలకే బీరువా మూలకు చేరుతోందంటే, చాలాసార్లు తప్పు ముక్కుది కాదు. ఆ ఒక్క మాట కింద దాగిన నాలుగైదు సంగతులను విడదీయకపోవడమే కారణం.

కారం వేరు, ఘాటు వేరు

ఇంగ్లిష్‌లో ఒకే మాటతో సరిపెట్టేదానికి తెలుగులో రెండు మాటలున్నాయి. కారం నాలుకది, ఘాటు ముక్కుది. గుంటూరు మిరపకాయ కారం. లవంగం నలిపితే వచ్చేది ఘాటు. సెంట్ల భాషలో స్పైసీ అంటే ఎప్పుడూ ఘాటే.

దీనికి కారణం రసాయనంలో ఉంది. ఏ వాసనైనా ముక్కుకు చేరాలంటే ముందు ఆవిరి కావాలి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్, మిరియంలో మంట పుట్టించే పైపరిన్ రెండూ మామూలు వేడికి ఆవిరయ్యేవి కావు. పోపులో ఎండుమిర్చి మాడినప్పుడు దగ్గొస్తుంది కదా అనొచ్చు. అది కాగిన నూనె పొగతో పాటు లేచి గొంతుకు తగిలే మంట; వాసన కాదు. అందుకే మిరియాలకు ఆవిరి పట్టించి, ఆ ఆవిరిని చల్లార్చి తీసిన నూనెలో మంట ఉండదు. పైనీన్, శాబినీన్, లిమొనీన్, క్యారియోఫిలీన్ లాంటి ఆవిరయ్యే పదార్థాలే ఉంటాయి. వాసన చూస్తే ఎండిన కలప మీద నిమ్మతొక్క గీసినట్టు ఉంటుంది.

దీన్నిబట్టి ఇంకో సంగతి తేలుతుంది. డబ్బా మీద రాసే 'నోట్స్' (వాసనల పేర్లు) జాబితా వంటకంలో దినుసుల జాబితా లాంటిది కాదు. విక్టర్ అండ్ రోల్ఫ్ వాళ్లు 2012లో తెచ్చిన స్పైస్‌బాంబ్ వర్ణనల్లో మిరప పేరు కూడా వినిపిస్తుంది. మంట పుట్టించే మిరప సారం ముక్కుకు ఎక్కేది కాదు గనక, అక్కడ మిరప అంటే ఇతర పదార్థాలతో కల్పించిన ఒక భావన. తోలు, రమ్, పొగాకు అని రాసినా చాలావరకు ఇదే లెక్క. 'అంబర్' కూడా అంతే: ల్యాబ్డనమ్, బెంజోయిన్ అనే మొక్కల జిగుర్లు, వెనిలా కలిపి అల్లిన తియ్యటి వెచ్చటి వాసనకు అది పేరు. తిమింగలం నుంచి వచ్చే అంబర్‌గ్రిస్‌తో దానికి సంబంధం లేదు. ఒకప్పుడు 'ఓరియెంటల్' అన్న కుటుంబాన్నే 2021 నుంచి చాలామంది అంబర్ అంటున్నారు. పాత రాతల్లో ఆ మాట కనిపిస్తే రెండూ ఒకటేనని అర్థం చేసుకోవచ్చు.

వేడి మసాలాలు, చలవ మసాలాలు

పరిమళాలు కూర్చేవాళ్లు మసాలాలను రెండు వర్గాలుగా చూస్తారు. వేడి వర్గంలో లవంగం, దాల్చినచెక్క, కుంకుమపువ్వు ఉంటాయి. చలవ వర్గంలో యాలకులు, ధనియాలు, మిరియం, అల్లం. జాజికాయ రెంటికీ మధ్యన నిలుస్తుంది. మన ఇళ్లలోని వేడి–చలవ లెక్కతో ఇది పూర్తిగా కలవదు. మన పెద్దల లెక్కలో మిరియం, అల్లం ఒంటికి వేడి చేసేవే. ఇక్కడ కొలత వేరు. ముక్కుకు చల్లగా, చురుగ్గా తగిలి తొందరగా వెళ్లిపోయేవి చలవ. మందంగా, తియ్యగా, నెమ్మదిగా నిలిచేవి వేడి.

యాలకుల్లో సినియోల్ ఉంటుంది, నీలగిరి తైలంలో ప్రధానంగా ఉండేదీ అదే. అందుకే యాలక్కాయ వాసన ముక్కులో చల్లగా దూసుకుపోతుంది. లవంగానికి ప్రాణం యూజెనాల్, దాల్చినచెక్కకు సినమాల్డిహైడ్. మరిగే ఉష్ణోగ్రతలు చూస్తే తేడా స్థూలంగా తెలుస్తుంది: నిమ్మజాతి తొక్కల్లోని లిమొనీన్ 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ధనియాల్లోని లినలూల్ 198 దగ్గర, సినమాల్డిహైడ్, యూజెనాల్ సుమారు 250 దగ్గర, వెనిలాలోని వెనిల్లిన్ 285 దగ్గర. అంకె పెరిగే కొద్దీ ఒంటి మీద ఎక్కువసేపు నిలుస్తుందన్నమాట.

పేర్లతో ఒక చిక్కుంది. ఈ మధ్య సీసాల్లో విరివిగా కనిపించే గులాబీ మిరియం, సిచువాన్ మిరియం అసలు మిరియం కుటుంబానివే కావు. మొదటిది జీడిమామిడి కుటుంబానిది, రెండోది నిమ్మ కుటుంబానిది. డియోర్ 2015లో తెచ్చిన సవాజ్ ప్రచారంలో సిచువాన్ మిరియం పేరు చూసి మసాలా ఘాటు ఆశించినవాళ్లకు నిమ్మ చురుకు, శుభ్రమైన కలప లాంటి వాసననిచ్చే ఆంబ్రాక్సాన్ అనే పదార్థం ఎదురుకావడానికి కారణం అదే. అది మంచి సెంటే, చలి రాత్రి ఆశించే వెచ్చదనం మాత్రం అందులో వెతకకూడదు.

ఒక సీసా ఎనిమిది గంటల్లో ఎన్ని వేషాలు వేస్తుంది

ముందు ఎగిరిపోయే పై వాసన, తర్వాత వచ్చే నడిమి వాసన, చివరిదాకా నిలిచే అడుగు వాసన అనే మూడు అంతస్తుల మాట చాలామంది వినే ఉంటారు. ఒక మామూలు లవంగం–దాల్చినచెక్క–పొగాకు సెంటును ఉదయం ఎనిమిదికి మోచేతి మడతలో ఒక్కసారి కొట్టి చూద్దాం.

మొదటి నిమిషం స్పిరిట్ తప్ప ఏమీ ఉండదు. ఆ నిమిషంలో ఏ తీర్పూ చెప్పకూడదు. 8:05కి నారింజ తొక్క, గులాబీ మిరియం చురుగ్గా పైకొస్తాయి. 8:20కి దాల్చినచెక్క గుప్పుమంటుంది. దుకాణంలో 'ఇదే కావాలి' అనిపించేది, కార్డు తీసేది ఈ ఘడియలోనే. 9:30కి దాల్చినచెక్క మెత్తబడి లవంగం వెనక నుంచి వినిపిస్తుంది, పొగాకు తీపి మొదలవుతుంది. 11 గంటలకు మసాలా ఒక జ్ఞాపకంలా మిగులుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం నాలుగు దాకా, ఒక్కోసారి మర్నాడు చొక్కా మణికట్టు మీద కూడా, ఉండేది అడుగు వాసనే: వెనిలా, పొగాకు, కలప, జిగుర్లు.

లెక్క వేసుకుంటే ఎనిమిది గంటల్లో మసాలా వాటా రెండు మూడు గంటలు. మిగతా ఐదారు గంటలు మనతో ఉండేది అడుగు. ఘాటైన సెంటు కొంటున్నామనుకుంటాం గానీ, నిజానికి కొంటున్నది ఘాటు కింద ఉన్న అడుగును. ఎంపికలో వచ్చే తప్పుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

తెలుగు ముక్కుకు ఇంకో అదనపు చిక్కుంది. పారిస్ లోనో న్యూయార్క్ లోనో పెరిగినవాళ్లకు యాలకులు దూరదేశపు వాసన కావచ్చు, మనకది పాయసం. లవంగం, చెక్క, షాజీర కలిస్తే బిర్యానీ మూత తీసినట్టే. అడుగు తియ్యగా, పాల వాసనతో ఉంటే యాలకుల సెంటు ఒంటి మీద పరమాన్నంలా మిగులుతుంది. అదే యాలకుల కింద దేవదారు, వట్టివేరు లాంటి పొడి కలప ఉంటే అది వంటింటిని దాటి పరిమళం అవుతుంది. మసాలాను వంటింటి నుంచి బయటికి తీసుకొచ్చేది అడుగే.

అడుగుల్లో రకాలు, ఏది ఎవరికి

వెనిలా–అంబర్ అడుగు అన్నిటికంటే తియ్యనిది, అమ్మకాలూ ఎక్కువే. పాకో రబాన్ 2008లో తెచ్చిన వన్ మిలియన్‌లో దాల్చినచెక్క కింద అంబర్, తోలు ఉంటాయి. గదిలో అడుగుపెట్టగానే పదిమందికి తెలిసే రకం ఇది. చలిలో ఆ తీపి దూరానికి హాయిగా అందుతుంది. 25 డిగ్రీలు దాటిన గదిలో అదే తీపి జిడ్డుగా, ఊపిరాడనట్టుగా మారుతుంది. రాత్రి విందులకు, ఆరుబయటికి బాగుంటుంది. కిక్కిరిసిన షేర్ ఆటోకు బాగుండదు.

పొగాకు–తోలు అడుగు తీపి తక్కువ, గంభీరం ఎక్కువ. స్పైస్‌బాంబ్ ఈ వైపుది: దాల్చినచెక్క, కుంకుమపువ్వు కింద పొగాకు, తోలు, వట్టివేరు. ఘాటు, ధైర్యం, చలి మూడూ ఒకేచోట కావాలనేవాళ్లకు దీన్ని మించిన దారి తక్కువ. మొదటిసారి ఘాటైన సెంటు కొనేవాళ్లు ఈ రకంతో మొదలుపెడితే నిరాశపడే అవకాశం తక్కువని నిశ్చింతగా చెప్పొచ్చు.

పొడి కలప అడుగులో వట్టివేరు, దేవదారు ఉంటాయి. హెర్మెస్ వాళ్ల టెర్ డెర్మెస్ (2006)లో నారింజ, మిరియం కింద వట్టివేరు మట్టివాసన ఉంటుంది. కార్టియే వాళ్ల డిక్లరేషన్ (1998)లో యాలకులు, జీలకర్ర కింద పొడి కలప ఉంటుంది. రెండూ జాన్ క్లోద్ ఎలెనా కూర్చినవే. పగటి ఆఫీసుకు, దక్కను చలికి ఈ అడుగే ఎక్కువ నప్పుతుంది. గడ్డకట్టే చలిలో మాత్రం పలచగా వినిపిస్తుంది.

గంధపు అడుగు మనకు పుట్టుకతో తెలిసిన వాసన. షనెల్ వాళ్ల ఎగోయిస్ట్ (1990)లో దాల్చినచెక్క, గంధం జోడీ ఉంటుంది. పూజగది గుర్తొస్తుందని కొందరు వద్దంటారు, అందుకే కావాలని కొందరంటారు. సాంబ్రాణి, అగరు, ధూపం వాసనల అడుగుదీ ఇదే కథ: విదేశాల్లో నిగూఢంగా అనిపించేది ఇక్కడ శుక్రవారం సాయంత్రం ఇంట్లో వేసే ధూపం. ఎవరితో కలిసి కూర్చుంటారో చూసుకుని ఎంచుకోవాల్సిన రకం ఇది.

ఇక ఒక్కో మసాలా ఎక్కడ చెడుతుందో తెలిస్తే దుకాణంలో సమయం కలిసొస్తుంది. లవంగం మోతాదు మించితే పంటి డాక్టరు గది గుర్తొస్తుంది. పళ్లకు వాడే సిమెంటులో యూజెనాల్ ఉంటుంది కాబట్టి ఆ పోలిక ఊహ కాదు. జీలకర్ర వాసన చెమటకు దగ్గర. అందరికీ కాదు గానీ, ఆ పోలిక ఒకసారి తట్టినవాళ్లకు ఇక వదలదు. దాల్చినచెక్క చక్కెరతో కలిస్తే చూయింగ్ గమ్ అవుతుంది. కుంకుమపువ్వు ఎక్కువైతే టింక్చర్ లాంటి ఆసుపత్రి వాసన, తగుమాత్రంలో ఉంటే మెత్తటి తోలు.

చలి చేసేది ఒకటి కాదు, మూడు పనులు

మొదటిది ఆవిరి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే ఇలాంటి పదార్థాలు ఆవిరయ్యే వేగం సుమారు సగానికి పడిపోతుంది. గదిలో 32 డిగ్రీలున్న చేతి చర్మం చలిగాలిలో 22కి దిగితే, అక్కడి నుంచి లేచే వాసన సగమే. పలచటి నిమ్మ సెంట్లు చలిలో మూగబోవడానికి, మందమైన మసాలా సెంట్లు హద్దులో ఉండడానికి కారణం ఇదే.

రెండోది చర్మం. చలిగాలిలో తేమ తక్కువ, చర్మం పగులుతుంది, పొడి చర్మం మీద సెంటు తొందరగా వెళ్లిపోతుంది. స్నానం అయ్యాక వాసన లేని మాయిశ్చరైజరు గానీ రెండు చుక్కల కొబ్బరినూనె గానీ రాసి, ఐదు నిమిషాలాగి సెంటు కొడితే నిలుపు పెరుగుతుంది. కొబ్బరి వాసన తీపి అడుగులతో కలిసి లడ్డూలా మారే ప్రమాదముంది గనక తీపి సెంట్లకు మాయిశ్చరైజరే మేలు.

మూడోది బట్టలు, గది. చాలామంది లెక్కలోకి తీసుకోనిది ఇదే. స్వెటరు కింద ఒంటి వేడి 33 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అక్కడ కొట్టిన సెంటు మామూలుగానే ఆవిరవుతుంది, కానీ ఉన్ని దాన్ని పట్టి ఉంచుతుంది. చలి నుంచి వెచ్చటి గదిలోకి వచ్చి కోటు విప్పగానే అంతసేపూ పోగైనది ఒక్కసారిగా గుప్పుమంటుంది. 'బయట నాకే వాసన రావట్లేదు, ఇంకో రెండు కొట్టుకుందాం' అనుకున్నవాళ్ల వల్ల లిఫ్టులో పక్కవాళ్లు ఊపిరి బిగబట్టేది ఇందుకే. ఎన్నిసార్లు కొట్టాలన్నది బయటి చలిని బట్టి కాక, ఎక్కువ సమయం గడిపే గదిని బట్టి తేల్చుకోవాలి.

సీసా మీది పేర్లు, కొట్టే లెక్క

ఓ ద కొలోన్‌లో సుగంధ ద్రవ్యం సుమారు 2–5 శాతం, ఓ ద టాయిలెట్‌లో 5–15, ఓ ద పర్ఫ్యూమ్‌లో 15–20, పర్ఫ్యూమ్ లేదా ఎక్స్‌ట్రేలో 20–30 అని చెబుతారు. వీటికి చట్టంలో గీత లేదు. కంపెనీని బట్టి మారతాయి. ఒకే పేరుతో వచ్చే ఓ ద టాయిలెట్, ఓ ద పర్ఫ్యూమ్ రకాలు పలచనా చిక్కనా అన్న తేడాతో ఆగవు, చాలాసార్లు కూర్పే వేరు. టాయిలెట్‌లో మసాలా ముందుంటే పర్ఫ్యూమ్‌లో వెనిలా ముందుకొస్తుంది. ఒకటి నచ్చిందని వాసన చూడకుండా రెండోది కొనకూడదు.

ఒక్కసారి నొక్కితే మామూలు స్ప్రే నుంచి సుమారు 0.1 మిల్లీలీటరు వస్తుంది. 8 శాతం ఉన్న టాయిలెట్ నాలుగుసార్లు కొడితే ఒంటి మీద పడే అసలు ద్రవ్యం సుమారు 0.032 మి.లీ. 16 శాతం ఉన్న ఓ ద పర్ఫ్యూమ్ రెండుసార్లు కొట్టినా అంతే. ధర పోల్చేటప్పుడు ఈ లెక్క పనికొస్తుంది.

ఇంత పరిమాణం అవసరమా అన్నదీ ఇలాగే తేలుతుంది. హైదరాబాద్‌లో నిజంగా చలి అనిపించేది రెండు నెలలు. రోజుకు రెండుసార్ల చొప్పున 60 రోజులకు 120 సార్లు, అంటే 12 మి.లీ. వంద మి.లీ. సీసా కొంటే ఎనిమిది చలికాలాలు వస్తుంది. చిన్న సీసా దొరికితే అదే లాభం. చికాగోలోనో టొరంటోలోనో ఉన్నవాళ్లకు రోజుకు మూడుసార్ల చొప్పున 150 రోజులంటే 45 మి.లీ.; అక్కడ 50 మి.లీ. సీసా ఒక చలికాలానికి సరిపోతుంది.

నాలుగు సందర్భాలు

డిసెంబరులో హైదరాబాద్ ఆఫీసు. తెల్లవారి 14 డిగ్రీలు, మధ్యాహ్నం 28. ఒకే రోజులో రెండు కాలాలు. ఉదయం బాగున్న వెనిలా సెంటు భోజనాల వేళకు తలనొప్పి తెస్తుంది. చలవ మసాలా, పొడి కలప అడుగు, ఓ ద టాయిలెట్, మెడకు ఒకటి, ఛాతీకి ఒకటి. దాల్చినచెక్క రాత్రికి దాచుకోవచ్చు.

ఆదిలాబాద్‌లో గానీ లంబసింగి వైపు గానీ వేకువనే బండి మీద బయల్దేరేవాళ్లు. అక్కడ చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది, పైగా ఎదురుగాలి. మెడ మీద కొట్టింది గాలికే పోతుంది. చొక్కా లోపల ఛాతీ మీద రెండుసార్లు కొట్టి, ఆరాక బొత్తాలు పెట్టుకోవాలి. మఫ్లరుకు నేరుగా కొట్టకూడదు. ఉన్ని వాసనను రోజుల తరబడి వదలదు, ఇంకో సెంటు వాడిన రోజు రెండూ కొట్లాడుకుంటాయి. పొగాకు–తోలు అడుగు ఇక్కడ నిండుగా పనిచేస్తుంది.

న్యూజెర్సీ జనవరి. బయట సున్నాకు అటూ ఇటూ, రైల్లోనూ ఆఫీసులోనూ హీటరు వేడి 21–22. అంబర్ అడుగుతో లవంగం, దాల్చినచెక్క ఇలాంటి వాతావరణానికే తగినవి. అయినా రెండుకు మించొద్దు, అవీ స్వెటరు కిందే. సెంట్లు వాడకూడదన్న నియమం కొన్ని ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఉంటుంది. ముందే కనుక్కోవాలి.

మాఘమాసంలో రాత్రి ముహూర్తం, పట్టుపంచె. మల్లెలు, హోమం పొగ, విందు మసాలాలు అప్పటికే మండపమంతా నిండి ఉంటాయి. వాటి మధ్య దాల్చినచెక్క కలిసిపోయి వినిపించదు. గంధపు అడుగు మాత్రం వాటిపైకి తేలుతుంది. పట్టు మీద కొడితే స్పిరిట్ మచ్చ పడుతుంది, జరీ నల్లబడే ప్రమాదమూ ఉంది. కట్టుకునే ముందే ఒంటికి కొట్టి ఆరనివ్వాలి. తడి ఆరేదాకా దీపానికీ చలిమంటకూ దూరంగా ఉండాలి, స్పిరిట్ అంటుకుంటుంది.

మన దగ్గర చలికి ముందే ఉన్న జవాబు: షమామా

చలికొక సెంటు, ఎండకొక సెంటు అన్నది కొత్త ఆలోచన కాదు. అత్తరు వాడేవాళ్లు వట్టివేరు, మొగలిపువ్వు, మట్టి అత్తర్లను ఎండాకాలానికి ఉంచి, చలికి షమామా అనే మసాలా అత్తరు తీస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో దీన్ని డేగ్ అనే రాగి పాత్రలో వండుతారు. డేగ్ నుంచి వచ్చే ఆవిరి వెదురు గొట్టం గుండా, నీళ్లలో ఉంచిన భప్కా అనే పాత్రలోకి పోయి, అందులోని గంధపు నూనెలో ఇంకుతుంది. దినుసుల్లో లవంగం, యాలకులు, జాజికాయ, జాపత్రి, తుంగముస్తలు, జటామాంసి ఉంటాయి. వాటితో పాటు చరీలా. అదే మన బిర్యానీలో పడే రాతిపువ్వు. ఆవిరిని ఇంకించుకునే గంధపు నూనెనే అడుగుగా నిలపడం ఈ కూర్పులోని గొప్పదనం.

హైదరాబాద్ చార్మినార్ చుట్టుపక్కల అత్తరు కొట్లలో ఇది 3, 6, 12 మి.లీ. సీసాల్లో దొరుకుతుంది. 12 మి.లీ.ని తులం లెక్కన చెబుతారు. గంధపు నూనె ఖరీదు కావడంతో చాలామంది దాని బదులు లిక్విడ్ పారఫిన్ వాడుతున్నారు. తులం మరీ చవగ్గా వస్తోందంటే అందులో గంధం లేదనే అనుకోవాలి. స్పిరిట్ లేదు కాబట్టి అత్తరు ఎగిసిపడదు, ఒంటిని అంటిపెట్టుకునే ఉంటుంది. చెవి వెనక, మణికట్టు మీద అద్దితే ఒక చుక్క చాలు. తెల్లచొక్కాకు తగిలితే మరక పోదు.

ఏకాభిప్రాయం లేని సంగతులు

కాలాన్ని బట్టి సెంటు మార్చాలా అన్నది మొదటి వివాదం. 'నచ్చింది ఏడాదంతా వాడుకోవచ్చు, కాలాల పేరు వ్యాపారుల ఎత్తుగడ' అని ఒక పక్షం. అందులో నిజముంది: రోజంతా ఏసీలో ఉండేవారికి మే, డిసెంబరు ఒకటే. 'ఆవిరి లెక్క అబద్ధం చెప్పదు, వేడికి తీపి అడుగు భరించలేం' అన్న రెండో పక్షం మాట ఆరుబయట తిరిగేవాళ్ల విషయంలో బలమైనది.

ఎక్కువసేపు నిలిస్తే మంచి సెంటు అన్నది రెండోది. నిలుపు ఎక్కువగా అడుగులోని బరువైన పదార్థాల వల్ల వస్తుంది. అవి ఖరీదైనవే కానక్కర్లేదు, చవకైన కృత్రిమ కస్తూరి పదార్థాలూ రోజుల తరబడి నిలుస్తాయి. పైగా ఆంబ్రాక్సాన్, కొన్ని కస్తూరి రకాలు ఒంటి మీద ఉన్నా మన ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది. 'గంటకే పోయింది' అని తేల్చే ముందు ఇంట్లోవాళ్లను అడగడం మంచిది.

పాతవాటి ఘాటు ఇప్పుడు లేదన్న ఫిర్యాదు మూడోది, చాలావరకు సమంజసం. యూజెనాల్, ఐసోయూజెనాల్, సినమాల్డిహైడ్ కొందరి చర్మానికి పడవు. అందుకే పరిశ్రమ సంస్థ ఇఫ్రా వాటి మోతాదుకు హద్దులు పెట్టింది, కంపెనీలు కూర్పులు మార్చుకున్నాయి. పాత ఘాటును ప్రేమించినవారికి అది నష్టమే, దద్దుర్లతో బాధపడినవారికి ఊరట. ఘాటు మగవాళ్ల సొత్తన్నదీ అంగడి అరల విభజనే: 1938లో మగవాళ్లకు ఓల్డ్ స్పైస్ వచ్చింది నిజమే గానీ, 1977లో లవంగపు ఘాటుతో సంచలనమైన ఓపియం ఆడవాళ్ల సెంటు.

కొనేముందు, కొన్నాక

కాగితం పట్టీ మీద ఎన్నైనా చూడొచ్చు, ఒంటి మీద ఒకరోజు రెండుకు మించొద్దు. వాటిలో ఒకటి కుడి మోచేతి మడతలో, ఒకటి ఎడమ దానిలో. మణికట్లు రుద్దుకోకూడదు. అణువులు నలిగిపోతాయన్న మాటలో నిజం లేదు గానీ, వేడి పుట్టి పై వాసన తొందరగా ఎగిరిపోతుంది. దుకాణంలోని కాఫీ గింజలు మామూలు గాలి కంటే ఎక్కువ పని చేయవు. బయటికెళ్లి పది నిమిషాలు నిలబడితే ముక్కు తేరుకుంటుంది, చలిలో ఆ సెంటు ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది. ఆ రోజు కొనకుండా ఇంటికి వచ్చేయాలి. నాలుగు గంటల తర్వాత మోచేతి మడత, మర్నాడు చొక్కా చెయ్యి వాసన చూడాలి. ఆ రెండూ నచ్చితేనే డబ్బు పెట్టాలి.

చర్మం సున్నితమైనవాళ్లు డబ్బా అడుగున సన్నటి అక్షరాల్లో సినమాల్ (సినమాల్డిహైడ్‌కే ఇంకో పేరు), యూజెనాల్, ఐసోయూజెనాల్ పేర్లు వెతకాలి. ఐరోపాలో ఒంటి మీదే ఉండిపోయే ఉత్పత్తుల్లో ఇవి 0.001 శాతం దాటితే పేరు రాయాలన్నది నియమం. పడకపోవడం వెంటనే బయటపడదు, ఒకటి నుంచి మూడు రోజులు పట్టొచ్చు. అప్పుడే గీసుకున్న గడ్డం మీద, మెడ మీద మసాలా సెంటు ఎవరూ కొట్టుకోకూడదు.

సీసాను దాని డబ్బాలోనే పెట్టి బీరువాలో ఉంచాలి. గీజరున్న బాత్రూమ్, ఎండ పడే కిటికీ, కారు డ్యాష్‌బోర్డు మూడూ పనికిరావు. రెండో ఏటికి ద్రవం తేనె రంగుకు తిరిగితే కంగారు పడక్కర్లేదు, వెనిల్లిన్ ఉన్న సెంట్లు చాలావరకు అలాగే ముదురుతాయి. కొట్టగానే పుల్లటి వాసనో, నెయిల్ పాలిష్ లాంటి వాసనో వస్తే పై వాసన చెడిందని అర్థం. దాన్ని పారేసే ముందు పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ వాసన చూడాలి. పొగాకు, కలప, జిగుర్ల అడుగు చాలాసార్లు చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది.